కత్తులు, మాంత్రికుల సినిమాలు తీసేవారికి బహిరంగ లేఖ

కత్తి పట్టిన వీరుడు, క్షుద్రవిద్య తెలిసిన మాంత్రికుడు ఎదురుపడే కథలను తెరకెక్కిస్తున్న దర్శకులకు, ఛాయాగ్రాహకులకు, నిర్మాతలకు నమస్కారం.

ఇలాంటి సినిమాలంటే నాకు ప్రాణం. పోస్టర్ మీద పాడుబడ్డ కోట, దాని ముందు ఒంటరిగా నిలబడ్డ మనిషి కనిపిస్తే చాలు, మొదటి ఆటకే వెళ్లిపోతాను. ఆ ప్రేమ కొద్దీ ఈ లేఖ రాస్తున్నాను. ఒక ఫిర్యాదు ఉంది, కొన్ని విన్నపాలు ఉన్నాయి.

ఫిర్యాదు ముందు చెబుతాను. ‘డార్క్’ సినిమా అంటారు, తీరా వెళ్లి కూర్చుంటే తెర మీద ఏమీ కనపడదు. ఈ మధ్య చూసిన ఒక సినిమా క్లైమాక్స్‌లో వీరుడు గుహలోకి దిగాడు. అక్కడి నుంచి పావుగంట సేపు కత్తుల చప్పుడు, ఎవరిదో కేక, ఎక్కడో నిప్పురవ్వలు, అంతే. చివరికి ఒక శరీరం నేలకొరిగింది. నా వెనక సీట్లోంచి ఒకాయన “పోయింది ఎవరు?” అని అడిగాడు. పక్కనున్నావిడ “ఉండండి, మాట్లాడితే తెలుస్తుంది” అంది. హాల్లో ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అందరిదీ అదే పరిస్థితి. మీ ఫైట్ మాస్టర్ నెలల తరబడి నేర్పించిన కత్తియుద్ధం, మీ ఆర్ట్ డైరెక్టర్ కట్టిన గుహ, నటుడి ముఖంలో భయం, అన్నీ ఆ నలుపులో కలిసిపోయాయి. ప్రేక్షకుడిగా నాకు కోపం రాలేదు, బాధ కలిగింది.

ఇది ఒక్క సినిమా సంగతి కాదు. 2019లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సిరీస్‌లో రాత్రంతా సాగే ఒక మహాయుద్ధం ఎపిసోడ్ వచ్చింది. దాన్ని 55 రాత్రులు చిత్రీకరించారు. ప్రసారమైన రోజునే ప్రపంచం నలుమూలల నుంచి ప్రేక్షకులు తమకేమీ కనపడలేదని మొత్తుకున్నారు. చలిలో, బురదలో అన్ని రాత్రులు వందల మంది పడ్డ కష్టం చాలా ఇళ్లకు చేరనేలేదు. తప్పు కెమెరాదా, టీవీదా, ప్రసారానిదా అన్న వాదన తర్వాత చాలాకాలం నడిచింది. చూసేవాడికి ఆ వాదనతో పని లేదు.

ఛాయాగ్రాహకులకు తెలియని సంగతి కాదు గానీ, ఒక్కమాట గుర్తుచేస్తాను. థియేటర్ తెర మీద తెల్లని వెలుగుకు ప్రమాణం 14 ఫుట్ ల్యాంబర్ట్‌లు, అంటే సుమారు 48 నిట్‌లు (రెండూ తెర వెలుగును కొలిచే యూనిట్లే). అది కూడా ప్రొజెక్టర్ దీపం కొత్తగా, తెర శుభ్రంగా ఉన్నప్పుడు. 3డి కళ్లద్దాలు పెడితే ఆ వెలుగులో సగం కూడా కంటికి చేరదు. ఇంట్లో ఓటీటీలో చూస్తే ఇంకో చిక్కు. డేటా తగ్గించడానికి బొమ్మను కుదించేటప్పుడు ముందుగా నష్టపోయేవి చీకటి ఛాయలే. రంగులు, వెలుగు సరిదిద్దే గ్రేడింగ్ గదిలో మెత్తగా కనిపించిన నలుపు, ఇంటి టీవీలో చారలు చారలుగా, మరకలుగా మారిపోతుంది. మీ గదిలో గోడలు నలుపు, కిటికీలు లేవు, ముందున్నది లక్షల ఖరీదు చేసే మానిటర్. అక్కడ బాగున్నది బయట బాగుంటుందన్న హామీ లేదు.

రాత్రిని చూపించాలంటే వెలుగు తీసేయాల్సిన పని లేదని మనవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. 1957లో ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ సృష్టించిన వెన్నెలను గుర్తుచేసుకోండి. నలుపు తెలుపుల్లోనే నీటి మీద వెన్నెల మెరుస్తుంది, పడవలో ఉన్నవాళ్ల కళ్లు మెరుస్తాయి, అది రాత్రేనన్న విషయంలో ఒక్కరికీ అనుమానం రాదు. 1981లో ‘ఎక్స్‌కాలిబర్’ సినిమాలో దర్శకుడు జాన్ బూర్మన్, ఛాయాగ్రాహకుడు అలెక్స్ థామ్సన్ ఇంకో దారి పట్టారు. కత్తుల మీద, కవచాల మీద ఆకుపచ్చ వెలుగు పడేలా చేశారు. అడవి చీకటిగానే ఉంటుంది, ఉక్కు మాత్రం పాము ఒంటిలా నిగనిగలాడుతుంది. ఆ లోకంలో ఏదో మాయ ఉందని మాట అవసరం లేకుండా అర్థమైపోతుంది.

భయానికి రాత్రే కావాలని కూడా లేదు. 1963లో ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’ సినిమాలో ఎఫెక్ట్స్ నిపుణుడు రే హ్యారీహౌసెన్ ఏడు అస్థిపంజరాల బొమ్మల చేత కత్తియుద్ధం చేయించాడు. ఆ బొమ్మలను ఒక్కో ఫ్రేముకు కొంచెం కొంచెం కదిలిస్తూ నాలుగు నెలలకు పైగా శ్రమించాడు, తెర మీద అది కొన్ని నిమిషాల సన్నివేశం. అదంతా పట్టపగలే జరుగుతుంది. నేలలోంచి ఎముకల చేతులు పైకొస్తుంటే దాచడానికి ఒక్క నీడ కూడా లేదు. తన పని మీద అంత నమ్మకం ఉన్నవాడు చీకటి చాటు వెతుక్కోలేదు. గ్రాఫిక్స్‌లో లోపాలు కప్పిపుచ్చడానికి సీను మొత్తం రాత్రికి మార్చే అలవాటు ఉన్నవాళ్లు దీన్ని మరోసారి చూడాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ తరహా సినిమాల్లో నా ఉద్దేశంలో అన్నిటికంటే చీకటి సన్నివేశం తెల్లటి మంచులో, పగటి వెలుగులో జరుగుతుంది. జాన్ మిలియస్ 1982లో తీసిన ‘కోనన్ ది బార్బేరియన్’ మొదట్లో ఉంటుంది అది. ఊరి మీద గుర్రాల దండు పడుతుంది. తండ్రి చనిపోతాడు. చివరికి ఒక తల్లి కత్తి పట్టుకుని నిలబడుతుంది, కొడుకు కోనన్ ఆమె చెయ్యి పట్టుకుని ఉంటాడు. దండు నాయకుడైన మాంత్రికుడు థల్సా డూమ్ శిరస్త్రాణం తీసి ఆమె కళ్లలోకి చూస్తాడు. ఆ పాత్ర వేసింది జేమ్స్ ఎర్ల్ జోన్స్. అతను కోపంగా చూడడు, దాదాపు ప్రేమగా చూస్తాడు. ఆ చూపుకు ఆమె కత్తి మెల్లగా కిందికి దిగుతుంది. అతను వెళ్లిపోతున్నట్టు పక్కకు తిరుగుతాడు. మన ఊపిరి కాస్త కుదుటపడుతుంది. అదే ఊపులో వెనక్కి తిరిగి ఒక్క వేటు వేస్తాడు. కెమెరా నెత్తుటి మీద నిలవదు, పిల్లవాడి మీద ఉంటుంది. తల్లి చెయ్యి వాడి చేతిలోంచి జారిపోతుంది. వాడు ఏడవడు. ఖాళీ అయిన తన చేతిని చూసుకుంటాడు.

అక్కడ మంత్రం ఉంది, గమనించారా? మెరుపులు లేవు, అరచేతిలోంచి నీలి మంటలు లేవు. ఒక చూపుకు కత్తి దిగిపోయింది. అదే సినిమాలో డూమ్ తన బలం ఏమిటో చూపించడానికి కొండ అంచున నిలబడ్డ ఒక యువతిని రమ్మని పిలుస్తాడు. ఆమె నవ్వుతూ అడుగు ముందుకు వేసి కిందపడి చచ్చిపోతుంది. ఆ సీనుకు గ్రాఫిక్స్ ఖర్చు లేదు. అయినా ఒక మనిషి ఇంకో మనిషి మనసును ఇలా గుప్పిట్లో పెట్టుకోగలడా అన్న భయం చాలాకాలం వదలదు. ఆ భయమే ఈ కథల ప్రాణం. కత్తి శరీరాన్ని మాత్రమే నరుకుతుంది. మాంత్రికుడు అంతకంటే లోపలికి చెయ్యి పెడతాడు. వీరుడికి తెలిసిన విద్య అక్కడ పనిచేయదు, అందుకే మనకు టెన్షన్ పుడుతుంది.

ఇప్పటి సినిమాల్లో మంత్రం చవకైపోయింది. మాంత్రికుడు చెయ్యి విసిరితే నిప్పుబంతి, ఇంకోసారి విసిరితే ఇంకోటి. వీరుడు తప్పించుకుంటాడు, గోడ కూలుతుంది. అది తుపాకీ కాల్పులకు రంగు వేసినట్టు ఉంటుంది. ఎన్నిసార్లయినా వాడుకోగలిగిన దాన్ని చూసి ఎవరు భయపడతారు?

మంత్రానికి ఖరీదు పెట్టండి. ఇదే నా ముఖ్యమైన విన్నపం. ఆ ఖరీదు కథలో ఎవరో ఒకరు కట్టాలి, మనం చూస్తుండగా కట్టాలి. ‘కోనన్’లోనే చావు బతుకుల్లో ఉన్న వీరుడి ఒళ్లంతా అక్షరాలు రాసి, అకీరో అనే మాంత్రికుడు అతన్ని వెనక్కి తెచ్చే ప్రయత్నం చేస్తాడు. అందుకు ఆ చోటి ఆత్మలు భారీ మూల్యం అడుగుతాయని ముందే చెబుతాడు. నేను కడతానంటుంది వీరుడి ప్రియురాలు వలేరియా. రాత్రంతా ఆ ఆత్మలతో కత్తి పట్టి పోరాడుతుంది. అతను బతుకుతాడు. మనం ఆ మాట మరిచిపోతాం. తర్వాత ఆమె ఒంట్లో పాము బాణమై దిగినప్పుడు, బాకీ తీరిందని మనకు చప్పున తెలుస్తుంది. స్క్రీన్‌ప్లేలో అది రెండు ముక్కల పని, కానీ సినిమా మొత్తానికి బరువు తెచ్చిపెట్టింది.

‘ఎక్స్‌కాలిబర్’లో ఉథర్ రాజు పరాయివాడి భార్య మీద మోజుపడి, ఆమె భర్త రూపం కావాలని మాంత్రికుడు మెర్లిన్‌ను అడుగుతాడు. పుట్టబోయే బిడ్డను నాకిస్తే ఇస్తానంటాడు మెర్లిన్. ఆ రాత్రి రాజు కవచంతోనే ఆమె పడక చేరతాడు. అదే సమయంలో అసలు భర్త యుద్ధంలో చచ్చిపోతుంటాడు. గదిలో ఉన్న చిన్నపిల్ల మోర్గానాకు ఒక్కదానికే తండ్రి చనిపోయాడని తెలిసిపోతుంది. ఆ పసిదాని కళ్లు చూస్తే ఈ కథ ఎక్కడికి పోతుందో అర్థమవుతుంది. ఒక రాత్రి మంత్రానికి ఒక రాజ్యం మొత్తం బాకీపడింది.

ఇదేమీ పరాయి సొత్తు కాదు. 1951 నాటి ‘పాతాళభైరవి’ని కాసేపు పాటలు, హాస్యం పక్కనపెట్టి చూడండి. మాంత్రికుడికి వరమిచ్చే ప్రతిమ కావాలంటే ఒక సాహసవంతుడిని బలివ్వాలి. అందుకోసం తోటరాముడికి ఆశ చూపించి, ఆప్తుడిలా వెంట తిప్పుకుంటాడు. రాముడు ప్రేమించిన అమ్మాయి కోసం సంపద కావాలని వెళుతున్నాడు, తనే ఆ సంపదకు చెల్లింపు అని అతనికి తెలియదు. నిజం తెలిశాక మాంత్రికుణ్ణే బలిస్తాడు. కె.వి.రెడ్డి గారు దాన్ని ఇంటిల్లిపాదీ చూసేలా తీశారు, ఎస్.వి.రంగారావు గారి చూపులోనూ, ఆ గొంతులోనూ మాత్రం భయాన్ని అలాగే ఉంచారు. అదే కథా చట్రం మీద ఇవాళ ఎవరైనా నవ్వులు తగ్గించి తీస్తే ఎంత భయంకరమైన సినిమా అవుతుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

కత్తి గురించి కూడా చెప్పాలి. ఒంటిచేత్తో పట్టే అసలైన మధ్యయుగపు కత్తి బరువు సాధారణంగా కిలో నుంచి కిలోన్నర మధ్య ఉంటుంది. అది బాగా ఆడుతుంది, వేగంగా తిరుగుతుంది. కానీ కవచం వేసుకుని కాసేపు ఊపితే ఎవరి చెయ్యైనా బరువెక్కుతుంది. మీ సినిమాల్లో వీరుడు నలభై మందిని నరికాక కూడా జుట్టు చెదరదు. ప్రతి దెబ్బకూ స్లో మోషన్, ప్రతి దెబ్బకూ ఎలివేషన్. అలసట ఒక్కసారి చూపించి చూడండి. చెమటకు పిడి జారాలి, రెండో చెయ్యి సాయం పట్టాలి, ఒక వేటు తప్పి రాతిమీద పడి మోచెయ్యి జివ్వుమనాలి. అప్పుడు ఎదురుగా ఉన్న ఒక్క శత్రువు చాలు, నలభై మంది అక్కర్లేదు. సౌండ్ విభాగానికి ఒక చిన్న మాట: తోలుతోనో చెక్కతోనో చేసిన ఒరలోంచి కత్తి దూస్తే ‘శ్రింగ్’ అని లోహం మోగదు. ఆ ఒక్క చప్పుడు మానేస్తే మీ లోకం సగం నిజమనిపిస్తుంది.

వీరుడి సంగతి. రచయిత రాబర్ట్ ఇ. హోవార్డ్ 1932 డిసెంబరులో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో కోనన్‌ను మొదటిసారి పరిచయం చేశాడు. తర్వాతి సంవత్సరం అదే పత్రికలో వచ్చిన ‘ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్’ కథలో కోనన్ ఇంకా కుర్రవాడు, దొంగ. మాంత్రికుడి బురుజులో పెద్ద రత్నం ఉందని విని ఎక్కుతాడు. లోపల అతనికి కనిపించింది ఏనుగు తల ఉన్న ఒక జీవి. వేరే లోకం నుంచి వచ్చింది. మాంత్రికుడు దాన్ని ఏళ్ల తరబడి హింసించి, కళ్లు పీకి, అవయవాలు విరిచి, దాని విద్యలన్నీ పిండుకున్నాడు. కత్తి పట్టి వచ్చిన దొంగ అక్కడ భయంతో కాక జాలితో నిలబడిపోతాడు. మనుషులు చేసిన పనికి మనిషిగా సిగ్గుపడతాడు. చివరికి రత్నం లేకుండానే బయటికి వస్తాడు, వెనక బురుజు కూలిపోతుంది. కథ అంతా ఒక్క రాత్రి, ఒక్క కట్టడం. లోకాన్ని కాపాడింది లేదు, సింహాసనం గెలిచింది లేదు.

నిర్మాతలకు ఇక్కడే చెప్పాలనుకుంటున్నాను. ఈ జాతి కథలు స్వభావరీత్యా చిన్నవి. ఒక దొంగ, ఒక బురుజు, ఒక రాత్రి చాలు. మీరు మాత్రం మొదటి రీలులోనే ఏడు రాజ్యాల పటం చూపించి, వెయ్యేళ్ల చరిత్ర వాయిస్ ఓవర్‌లో చదివించి, సినిమా చివర రెండో భాగంలో చూడండి అంటున్నారు. మొదటి భాగంలో చచ్చేవాడెవడూ నిజంగా చావడని మాకు అర్థమైపోతుంది, ఇక భయం ఎక్కడిది? గంటా నలభై నిమిషాల్లో మొదలై ముగిసే ఒక్క సినిమా తీయండి. డబ్బు వంద సెట్లకు పంచకుండా ఒక్క బురుజు మీద పెట్టండి. మెట్ల మీద నాచు ఎక్కడ జారుతుందో కూడా మాకు తెలిసేంత దగ్గరగా దాన్ని చూపించండి.

ముగింపుల గురించి ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 1981లో మాథ్యూ రాబిన్స్ తీసిన ‘డ్రాగన్‌స్లేయర్’లో ఒక రాజ్యం డ్రాగన్‌కు ఏటా రెండుసార్లు కన్యలను చీటీ వేసి బలిస్తుంది. డబ్బున్నవాళ్లు లంచమిచ్చి తమ కూతుళ్ల పేర్లు తప్పిస్తారు. రాజు కూతురి పేరు ఏనాడూ చీటీల్లో లేదు. ఆ సంగతి రాకుమారికి తెలియదు. తెలిసిన రోజున ఆమె సిగ్గుతో కుమిలిపోయి, చీటీలన్నిటి మీదా తన పేరే రాసి పెడుతుంది. మామూలు సినిమాలో వీరుడు చివరి క్షణంలో వచ్చి కాపాడతాడు. ఇందులో కాపాడలేడు. ఆమె చనిపోతుంది. డ్రాగన్‌ను చంపడానికి కూడా ముసలి మాంత్రికుడు తన ప్రాణం ఇవ్వాల్సి వస్తుంది. అన్నీ అయిపోయాక రాజు పరివారంతో వచ్చి, చచ్చిపడి ఉన్న డ్రాగన్ ఒంట్లో కత్తి గుచ్చి, చంపింది తానేనని చాటింపు వేయిస్తాడు. నిజంగా పోరాడినవాళ్లు పక్కనుంచి వెళ్లిపోతారు. రాక్షసుడు చచ్చినా అన్యాయం బతికే ఉంది. ఆ సినిమాలో డ్రాగన్ కూడా అద్భుతమే. ఫ్రేము తీస్తున్న క్షణంలోనే బొమ్మను మోటార్లతో కదిలించి, కదలికలో సహజమైన మసక తెచ్చే ‘గో మోషన్’ పద్ధతిని దానికోసం వాడారు. అయినా నా మనసులో ఎక్కువ నిలిచింది ఆ రాకుమారి రాసిన చీటీలే.

చేదుగా ఉన్నా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. 1982లో ‘కోనన్’ విజయం తర్వాత ఈ తరహా సినిమాలు చవకగా చుట్టేసి వదిలారు, వాటిలో చాలావాటిలో స్త్రీ ఉండేది బట్టలు చిరగడానికి, చెరపట్టడానికి. ఆ అలవాటు పూర్తిగా పోలేదు. ఇప్పుడు దానికి ‘డార్క్’ అన్న ముసుగు దొరికింది. వీరుడికి పగ పుట్టించడానికి మొదటి పది నిమిషాల్లో ఒక ఆడమనిషిని హింసించి చంపడం, ఆ తర్వాత ఆమె పేరు కూడా ఎవరూ తలచుకోకపోవడం చీకటి కథ అనిపించుకోదు, బద్ధకం అనిపించుకుంటుంది. మీద చెప్పిన వలేరియాను చూడండి, రాకుమారిని చూడండి. ఇద్దరూ చనిపోతారు. కానీ ఇద్దరూ తమంతట తాము నిర్ణయం తీసుకున్నారు, ఆ నిర్ణయాలే కథను నడిపాయి. అందుకే వాళ్ల చావు మనకు నొప్పి పెడుతుంది. అలాంటి పాత్రలు రాయండి. మంత్రగత్తె పాత్ర ఉంటే ఆమెకు అందమో, ముసలితనమో కాకుండా ఒక కోరిక ఇవ్వండి, ఆ కోరికకు ఆమె ఏం పోగొట్టుకుందో చూపించండి.

సెన్సార్ గురించి, రక్తం ఎంత చూపించాలన్న దాని గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. కథ అడిగినంత చూపించండి.

చివరిగా ఛాయాగ్రాహకులకూ, కలరిస్టులకూ నేను అడిగేది చాలా చిన్న పని. కాపీ ఖరారు చేసే ముందు గుహ సీను ఉన్న రీలు ఒకటి పట్టుకెళ్లి, ఎవరింట్లోనైనా ఐదారేళ్ల నాటి మామూలు టీవీలో, మధ్యాహ్నం పూట, కిటికీ తెరిచి చూడండి. మీ యూనిట్‌తో సంబంధం లేని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. తెర మీద పోరాడే ఇద్దరిలో కత్తి ఎవరి చేతిలో ఉందో, దెబ్బ ఎవరికి తగిలిందో, తగిలినవాడి ముఖం ఎలా మారిందో అడగండి. మూడింటిలో ఒక్కదానికి జవాబు రాకపోయినా, విడుదల తేదీ రెండు వారాలు వెనక్కి జరిగినా సరే, దయచేసి మళ్లీ గ్రేడింగ్ చేయించండి. మేం ఆగుతాం.

ఇట్లు,
మీ సినిమా మొదటి ఆటకు వచ్చే ఒక ప్రేక్షకుడు